లేరని చెప్పే ఇల్లు

మా ఇంటి ముందుగదిలో మా ఆయన సోఫాలూ కుర్చీలూ బాగుచేసేవారు. పాత గుడ్డ విప్పడం, స్ప్రింగులు బిగించడం, కొత్త గుడ్డ లాగి మేకులు కొట్టడం. చెయ్యి మంచిదే. ఆయన కొట్టిన సీటు ఏళ్లు గడిచినా కుంగదని పేరు. మాట మంచిది కాదు. ఏ పనీ చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. అందుకే ఆ వేసవిలో మా గేటు దగ్గరికి వచ్చినవాళ్లందరికీ నేను చెప్పిన మాట ఒకటే.

"లేరండీ. ఇప్పుడే బయటికెళ్లారు. సాయంత్రం రండి."

అప్పుడు ఆయన నా వెనక గదిలోనే ఉండేవారు. నోటినిండా చిన్న మేకులు పోసుకుని, ఒక్కొక్కటీ నాలుకతో పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతపు సుత్తితో అందుకుని కొట్టడం ఆయన పద్ధతి. మేకులు నోట్లో ఉన్నంతసేపు మాట ఉండదు. సుత్తి చప్పుడు వినపడినంతసేపు నేనూ అత్తయ్యా అమ్మాయీ మా పనుల్లో మేం ఉండేవాళ్లం. గేటు చప్పుడైతే సుత్తి ఆగేది. అది వచ్చినవాళ్ల కోసం. గేటు చప్పుడు కాకుండా ఆగితే మా కోసం.

ఆ ఏడు ఒక ఫంక్షన్ హాలు వాళ్లవి బోలెడు కుర్చీలు ఒప్పుకున్నారు. గదిలో పట్టక వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. హాలు మేనేజరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పెద్దమనిషే, గట్టిగా మాట్లాడడు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "అమ్మా, ఆయన ఎప్పుడూ బయటే ఉంటే ఈ కుర్చీలు ఎవరు కొడుతున్నారమ్మా?" అనేవాడు. నేను నవ్వేదాన్ని. అతనూ నవ్వేవాడు.

అమ్మాయికి తొమ్మిదో తరగతి అయి సెలవులిచ్చారు. ఒక ఉదయం నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ముందు నుంచి నా గొంతు నాకే వినపడింది. "లేరండీ. ఇప్పుడే బయటికెళ్లారు." 'అండీ' దగ్గర నేను ఎంత మెత్తబడతానో అంతే మెత్తబడింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇది దానికి ఎవరు నేర్పారని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను.

మేనేజరు గొంతు వినపడింది. "మరి చెప్పులు ఇక్కడే ఉన్నాయేం తల్లీ?"

నేనైతే వేరే చెప్పులు వేసుకెళ్లారనేదాన్ని. అతను లోపలికొచ్చి ఆయన్ని చూసి, ఇంకేమీ అనకుండా తల ఊపి వెళ్లిపోయాడట. గేటు మూసుకుంది. సుత్తి మళ్లీ మొదలవలేదు.

నేను వెళ్లేసరికి అమ్మాయి గోడకు ఆనుకుని ఉంది. ఆయనకీ దానికీ మధ్యలోకి వెళ్లాను. నా కుడి మణికట్టు వెనక్కి తిరిగింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "చాల్లేరా, చాల్లే," అంటోంది. ఆవిడ ఎప్పుడూ అనేది అదే. కొట్టొద్దనదు, చాలంటుంది.

*

క్లినిక్‌లో కట్టు కట్టిన నర్సు కాగితం ముందు పెట్టుకుని నా మొహం చూసింది. "తలుపు సందులో పడిందని రాయనా అక్కా, జరిగింది రాయనా?"

అంతకుముందు రెండుసార్లు తలుపే రాయించుకున్నాను. "జరిగింది రాయండి," అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. ధైర్యం లాంటిదేమీ కలగలేదు. తలుపు మీద ఇంకోసారి చెప్పబుద్ధి కాలేదు.

ఆవిడ రాసి, చీటీ వెనక ఒక చిరునామా వేసింది. "రక్షణ ఉత్తర్వు అని ఉంటుంది. ఇక్కడ ఆఫీసరమ్మ ఉంటారు. కాగితాలు ఆవిడే చూసిపెడతారు. మనిషి కసురుకుంటారు కానీ మంచావిడే."

ఆఫీసు ఒక మేడ మీద, రేకుల కింద. ఆఫీసరమ్మకు జలుబు. బల్ల మీద ఫ్యాను నా వైపు తిప్పి, తను తుమ్ముతూ, నేను రాసుకెళ్లింది చదివింది. నాలుగు పేజీలు రాశాను. డిగ్రీలో వ్యాసరచనకు బహుమతులు తెచ్చుకున్నదాన్ని. పేరాలు విడగొట్టి, ఆయన పని ఒత్తిడి, చిన్నప్పుడు ఆయన పడ్డ కష్టాలు, స్వతహాగా మంచివారేనన్న సంగతి, అన్నీ వరసగా పెట్టాను.

ఆవిడ పెన్ను తీసి మొదటి పేజీ అడ్డంగా కొట్టేసింది. రెండోదీ అంతే.

"ఇవన్నీ ఆయన వకీలు రాసుకుంటాడు. వాళ్ల పని మీరెందుకు చేసిపెట్టడం?"

"ఆయన కొంచెం కోపిష్టి అండీ. అది అర్థం కావాలంటే..."

"కోపం మీద కోర్టు ఏమీ చెయ్యలేదమ్మా. చెయ్యి మీద చెయ్యగలదు. చెయ్యి ఏం చేసిందో చెప్పండి. ఎక్కడ, దేనితో, ఎవరు చూశారు. ఎందుకు అన్నది వదిలెయ్యండి."

ఎందుకు అన్నది వదిలేస్తే పేజీకి తక్కువే మిగిలింది. నర్సు రాసిన చీటీ దానికి జత చేసింది. ఎవరు చూశారన్న చోట అత్తగారు అని రాయించాను.

"ఆవిడ చెప్తుందా?"

"చెప్పదండీ."

"నిజం చెప్పినందుకు సంతోషం," అని తుమ్మింది. "ఇప్పుడు మీకేం కావాలో చెప్పండి."

"కొట్టకుండా ఉంటే చాలండీ."

"చాలంటే కాదు. అంతా చెప్పండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కోర్టు అసలే అమ్మ కాదు. అమ్మాయి జోలికి రాకుండా అడగాలా? ఇల్లెవరిది?"

"అత్తయ్యది."

"అయితే ఆయన్ని బయట ఉండమని కూడా అడగొచ్చు."

అలా ఒకటి అడగొచ్చని నాకు తట్టలేదు. వెళ్లాల్సి వస్తే మేమే వెళ్లాలనుకున్నాను, ఎవరూ చెప్పకుండానే. ఆవిడ రాస్తుంటే ఎవరి సంగతో రాస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. ఒకచోట అక్షరం తప్పుపోతే చూపించాను. కళ్లజోడు మీంచి నన్నొక చూపు చూసి దిద్దుకుంది.

"ఇది ఆయన్ని జైల్లో పెట్టడానికి కాదు," అంది సంతకాలు పెట్టించుకుంటూ. "ఇక ఆపు అని కోర్టు చేత చెప్పించడం, అంతే. చెప్పాక కూడా ఆపకపోతే అప్పుడు పోలీసుల పని. ముందు జడ్జిగారు మీ ఒక్కరి మాట విని తాత్కాలికంగా ఒకటి ఇస్తారు. తర్వాత ఆయన్నీ పిలిచి, విని, అసలుది ఇస్తారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ తాత్కాలికం ఆయన చేతికి అందిందాకా ఉత్త కాగితమే. కోర్టు అమీను ఇంటికి తెచ్చి ఇస్తాడు. అప్పటిదాకా మీరూ అమ్మాయీ ఇంకెక్కడైనా ఉండండి."

జడ్జిగారి గది నేననుకున్నదానికంటే చిన్నది. కిటికీ పక్కన గొడుగు వేలాడుతోంది. "ఇదంతా మీరే చెప్పారా, ఎవరైనా చెప్పమన్నారా?" అని అడిగారు. నేనే చెప్పానన్నాను. సంతకం పెట్టారు.

అన్నయ్యకు ఫోన్ చేస్తే వెంటనే రమ్మనేవాడే. చెయ్యలేదు. ఇంటికి వెళుతూ బస్సులో నాకొచ్చిన ఆలోచన ఇది: నేను లేకపోతే గేటు దగ్గర ఎవరు చెప్తారు? మళ్లీ అమ్మాయే చెప్పాలి కదా. అమ్మాయిని కూడా తీసుకెళ్లొచ్చని ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే మా స్టాపు వచ్చింది. దిగిపోయాను.

*

అమీను ఎండ నడినెత్తిన ఉండగా వచ్చాడు. నేను పొయ్యి మీద కూర కలుపుతున్నాను. గేటు కిర్రుమంది. సుత్తి ఆగింది. గరిటె పట్టుకునే వెళ్లాను.

వయసైన మనిషి, భుజాన తోలు సంచి, చేతిలో గొడుగు. "సోఫాల మేస్త్రిగారి ఇల్లు ఇదేనా అమ్మా? ఉన్నారా?"

"లేరండీ. ఇప్పుడే బయటికెళ్లారు. సాయంత్రం రండి."

"సాయంత్రం మాకు కుదరదమ్మా," అని సంచిలోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. చెమట తుడుచుకుని, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. వెనక సుత్తి మళ్లీ మొదలైంది.

వచ్చి కూరలో ఉప్పు వేశాను. మూత పెట్టాను. మంట తగ్గించాను. అప్పుడు తెలిసింది ఆ వచ్చినాయనెవరో. గుమ్మం దాకా వెళ్లాను. వీధిలో ఎవరూ లేరు. అంత ఎండలో పరిగెత్తి పిలిస్తే ఆయన బయటికి వచ్చి చూస్తారు. మళ్లీ వంటింట్లోకి వచ్చి కూర చూసుకున్నాను. ఉప్పు సరిపోయింది.

కూరగాయలకని వెళ్లి ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. "అమీను వచ్చారండీ. లేరని చెప్పాను."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎందుకమ్మా?"

"ఎవరొచ్చినా అలాగే చెప్తామండీ మేము."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "సరే. మళ్లీ పంపిస్తాను. ఈ లోపల మీరు ఇల్లు వదలాలి."

"అమ్మాయిని పంపిస్తానండీ," అన్నాను. దాన్ని స్నేహితురాలింటికి పంపాను. నేను ఉండిపోయాను. అమీను మొదటిసారి రావడానికీ రెండోసారి రావడానికీ మధ్య ఒక సాయంత్రం ఉంది. దాన్ని గురించి ఆఫీసరమ్మ తర్వాత ఒక కాగితం రాసి దరఖాస్తుకు జత చేసింది. అందులో ఉంది చాలు.

రెండోసారి వచ్చినప్పుడు అత్తయ్య వరండాలో కూర్చుని ఉంది. నేను లోపల కట్టు విప్పుకుంటున్నాను. గేటు కిర్రుమంది, సుత్తి ఆగింది, అత్తయ్య తల ఎత్తకుండానే అంది. "లేడు నాయనా. ఇందాకే వెళ్లాడు."

కట్టు సగం వేలాడుతుండగానే బయటికి వచ్చాను. "ఉన్నారండీ. లోపలే ఉన్నారు. రండి."

అత్తయ్య నా వైపు చూసింది, నాకు మతి పోయిందేమోనని. అమీను చెప్పులు విడిచి, వరండాలోని కుర్చీల మధ్య నుంచి ఒదిగి వచ్చాడు. ఆయన ముందుగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నోటినిండా మేకులు. కళ్లు నా మీద ఉన్నాయి. ఏదో అనాలనుకున్నారు. మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్ముకోవాల్సి వచ్చింది. అమీను తొందరపడలేదు. ఆ పని పూర్తయ్యేదాకా సంతకం పుస్తకం చాపి పట్టుకునే ఉన్నాడు.

ఆయన సంతకం పెట్టి, చదువుకున్నారు. మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు.

"నువ్వా?"

"నేనే."

"ఇక ఇప్పటినుంచి అమల్లో ఉన్నట్టే అండీ," అన్నాడు అమీను, వాయిదా కాగితం చేతికిచ్చినంత మామూలుగా. తర్వాత నా వైపు తిరిగి, "కాసిని మంచినీళ్లు ఇస్తారా అమ్మా," అన్నాడు. కుర్చీల దొంతర పక్కన చతికిలబడి, గ్లాసెడు నీళ్లు చాలాసేపు తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. అంత దాహం ఎవరికీ ఉండదు. ఆయన లోపలికి వెళ్లి సుత్తి అందుకున్నాకే లేచాడు.

*

తాత్కాలిక కాగితంలో కొట్టకూడదనే ఉంది, ఇల్లు వదలమని లేదు. వాయిదా దాకా ఆయన ఇంట్లోనే ఉన్నారు, నాతో మాట్లాడలేదు. చెయ్యెత్తలేదు. చెప్పేదేదైనా అత్తయ్యకు చెప్పేవారు, నాకు వినపడేలా. "నీ కోడలు నన్ను కోర్టుకీడ్చింది. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

అత్తయ్య నా దగ్గర కూర్చుని గొణిగేది. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా."

"మన ఇల్లు లంకా ఏంటి అత్తయ్యా," అన్నాను ఒకసారి.

ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "నేను మాత్రం వాడి గురించి చెడ్డగా చెప్పను. ముందే చెప్తున్నా. కన్నదాన్ని."

"చెప్పొద్దు అత్తయ్యా."

ఆయన వకీలు కూడా ఆవిడను మంచిగా చెప్పమనే అడిగాడు. సాక్షిగా తల్లే వస్తే ఇంక తిరుగుండదన్నాడట. నేను అత్తగారి పేరు రాయించానని ఆఫీసరమ్మకు మళ్లీ గుర్తుచేశాను. "వాళ్లే తెచ్చుకుంటున్నారు కదా, రానివ్వండి," అంది. ఆవిడ మొహంలో ఆశేమీ కనపడలేదు. నాకూ లేదు. కాగితం ఆ రోజుతో పోతుందని, సాయంత్రానికి మేం ముగ్గురం ఆయనతో కలిసి అదే ఇంటికి వెళతామని అనుకున్నాను. వెళ్లాక ఏం జరుగుతుందో కూడా వరసగా తెలుసు. భయం వేస్తుందేమోనని చూసుకున్నాను. మణికట్టు దురద పెడుతోంది, అంతే.

అత్తయ్య పెట్టెలోని మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. బోనులో నిలబడితే తల మాత్రమే కనపడుతోందని స్టూలు తెప్పించారు. ఆయన వకీలు ఆవిడను మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీ అబ్బాయి ఎలాంటివాడు?"

"బంగారం అండీ."

"భార్యను హింసిస్తాడని ఈవిడ అంటోంది. మీరు అదే ఇంట్లో ఉంటారు. మీరు చూసింది జడ్జిగారికి చెప్పండి."

అత్తయ్య జడ్జిగారి వైపు తిరిగింది. చెప్పాల్సింది బస్సులో వస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూ సిద్ధం చేసుకుంది.

"హింస అంటే వీడిది కాదు బాబూ. వీళ్ల నాన్నది హింస. ఆయన దెబ్బకు నాకీ ఎడమ చెవి పోయింది. చేతికి ఏది దొరికితే దాంతోనే. వీడు ఆయనలో పావువంతు కూడా కాదు. వీడు చేతిలో సుత్తి ఉంటే కింద పెట్టి కొడతాడు."

గదిలో ఎవరో కాగితాలు సర్దుతున్నవాళ్లు ఆపేశారు. ఎడమ చెవి పుట్టుకతోనే వినపడదని నేను అన్నేళ్లూ అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నట్టున్నారు. తల్లి చెవి వైపు చూశారు.

వకీలు, "ఇంక చాలమ్మా," అన్నాడు.

జడ్జిగారు చెయ్యి ఎత్తారు. "ఎప్పుడూ కింద పెడతాడా అమ్మా?"

"ఎప్పుడూను. ఒక్కసారి కూడా మర్చిపోలేదు బాబూ. వాడికా జ్ఞానం ఉంది." చెప్పాల్సింది ఇంకా ఉందని గుర్తొచ్చి, తొందరగా అందుకుంది. "పిల్లనైతే చేత్తోనే. అదీ మొహం మీద కాదు."

జడ్జిగారు రాసుకున్నారు. పక్కన ఆఫీసరమ్మ ముక్కు తుడుచుకోవడం మర్చిపోయింది.

*

ఉత్తర్వులో అంతా వేశారు. నా మీద, అమ్మాయి మీద చెయ్యి వెయ్యకూడదు. దాని స్కూలు దగ్గరికి రాకూడదు. ఆ ఇంట్లో ఉండకూడదు. సామాను తెచ్చుకోవడానికి ఒక రోజు, పోలీసు ఒకరు తోడుగా. నకలు ఒకటి నాకిచ్చారు, ఒకటి స్టేషనుకు పంపారు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య నా పక్కన కూర్చుంది. అటు ఆయనతో వెళుతుందనుకున్నాను. టికెట్టు కొంగున ముడి వేసుకుని అడిగింది.

"నేను వాడి తరఫునే చెప్పాను కదే?"

"అవును అత్తయ్యా."

"ఒక్క ముక్క కూడా చెడ్డగా అనలేదు కదా?"

"లేదు."

"మరి ఎందుకలా అయింది?"

నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. చెప్తే ఆవిడకు ఆ బస్సులోనే, అంతమందిలో, అన్నేళ్లదీ ఒక్కసారి తెలిసిపోతుంది. ఆవిడ కాసేపటికి ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. దిగేదాకా తియ్యలేదు.

ఆయన వ్యానుతో వచ్చిన రోజు హాలు మేనేజరు కూడా వచ్చి తన కుర్చీలు తను ఎక్కించుకున్నాడు, అయినవీ కానివీ. పోలీసు వరండాలో గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. చివర్లో ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "పదమ్మా," అన్నారు.

"నా మంచం ఇక్కడుంది కదరా," అంది అత్తయ్య.

ఆయన మంచం వైపు చూశారు. అది వ్యానులో పట్టనంత పెద్దదేం కాదు. "సరే," అన్నారు. వెళ్లిపోయారు.

హాయిగా ఉంటుందని అందరూ అన్నారు. నర్సు, అన్నయ్య, ఆఫీసరమ్మ కూడా. నాకు హాయిగా ఏమీ లేదు, బాధగానూ లేదు. పగలంతా నిద్ర వచ్చేది. అమ్మాయి తలుపులు చప్పుడు కాకుండా మూసేది. కుర్చీ జరపాల్సి వస్తే ఎత్తి పెట్టేది. అత్తయ్య దగ్గొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముగ్గురం గొంతు తగ్గించే మాట్లాడుకునేవాళ్లం, ఖాళీ గది పక్కన. ఇలా ఎన్నాళ్లని నేను అడగలేదు. ఎవరిని అడగాలి?

స్కూళ్లు తెరిచే ముందు రోజు అమ్మాయి గిన్నెలు కడిగి సర్దుతోంది. తడిచేతిలోంచి పెద్ద స్టీలు పళ్లెం జారింది. గచ్చు మీద పడి, అంచు మీద లేచి, గిరగిరా తిరిగి, ఇల్లంతా మోగించి, ఎంతకీ ఆగదు. అమ్మాయి గోడకు అంటుకుపోయింది. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. నేను అప్పటికే వాళ్లిద్దరి ముందుకు వచ్చేశాను, చెయ్యి అడ్డం పెట్టి. ముగ్గురం ముందుగది తలుపు వైపు చూశాం.

పళ్లెం ఆగింది.

తలుపులోంచి ఎవరూ రాలేదు. గచ్చు మీద సోఫా కోళ్ల మచ్చలు కనపడుతున్నాయి.

అమ్మాయి వంగి పళ్లెం తీసింది. చేత్తో తుడిచింది. నా వైపు చూసింది, నానమ్మ వైపు చూసింది. రెండు చేతులతో తల మీదికి ఎత్తి, వదిలేసింది.

"సొట్ట పడుతుందే," అంది అత్తయ్య, ఆ మోతలోంచి.

"పడనివ్వండి," అన్నాను.